తొమ్మిది ఏనుగులకు అటుపక్క

వాల్పారై
8 సెప్టెంబర్ 2024, ఆదివారం

వెంకటపతి అన్నకు,

నీ చెల్లెలు చూడామణి రాస్తున్నది. రెండు వారాలుగా ఒకటే వాన. ఎస్టేటు ఆసుపత్రి కప్పు మూడు చోట్ల కారుతోంది, మూడు చోట్లా బకెట్లు పెట్టి రోగుల్ని చూస్తున్నాం. నీ కొడుకు సతీష్‌కి ఫోన్ చేస్తే "నాన్న బాగున్నారత్తా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తాడు. నీ చెవులు పోయి ఏడేళ్లయింది గాని, నీతో మాట్లాడాలన్న పిచ్చి నాకు పోలేదు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాడివి నువ్వొక్కడివే కాబట్టి ఏం రాసినా భయం లేదు.

నిన్న పొల్లాచ్చిలో ఆసుపత్రికి మందులు తీసుకుని మూడు గంటల బస్సెక్కాను. నలభై మలుపుల్లో ముప్పైతొమ్మిది దాటాక, తేయాకు మొదలయ్యే చోట, డ్రైవరు టక్కున ఆపి ఇంజను కట్టేశాడు. కండక్టరు కన్నియప్పన్ లేచి "యారుం పేసాదీంగ" అన్నాడు గుసగుసగా, ఎవరూ మాట్లాడొద్దని. ఎడమ గట్టు మీంచి ఒక ఆడ ఏనుగు దిగింది. అన్నా, అంత శరీరం దిగుతుంటే ఒక్క రాయి దొర్లిన చప్పుడు లేదు! వెనక ఇంకోటి. దాని కాళ్ల మధ్య ఒక పిల్ల. ఆ పిల్ల రోడ్డు నడిమధ్య చతికిలబడింది. ఏమనుకుందో ఏమో, లేవదు. తల్లి తొండంతో వెనక ఒక్కటిచ్చేసరికి లేచి పరుగో పరుగు. బస్సంతా నోళ్లు మూసుకుని నవ్వాం. సీటు కోసం అంతకుముందు నాతో పోట్లాడినావిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఏనుగులు వెళ్లిపోయాక కూడా వదల్లేదు.

ఇరవై ఆరేళ్లుగా ఈ కొండ మీద చూస్తూనే ఉన్నాను. ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే ఉంటుంది. కానీ తాళం తీసుకుని ఇంట్లోకి వచ్చాక "ఇవాళ ఏనుగుల్ని చూశాను" అని చెప్పడానికి మనిషి లేడు. పొయ్యి ముందు నిలబడి గోడకి చెప్పాను.

జనవరి నెలాఖరుకి నాకు అరవై నిండుతాయి, నర్సు ఉద్యోగం అయిపోతుంది. కావాలంటే కాంట్రాక్టు మీద ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు. ఉండాలో, దిగి రావాలో తేల్చుకోలేకుండా ఉన్నాను. మన ఇల్లు ఎట్లా ఉంది? మేడ మీది గది ఇప్పుడూ ఖాళీగానే ఉందా?

మాత్రలు మానకు.

చూడామణి


వాషర్‌మెన్‌పేట్
19 సెప్టెంబర్ 2024

పాపా,

నీకు అరవై వస్తాయంటే నవ్వొస్తుంది. నా కంటికి ఇంకా ముక్కు చీదుకునే పిల్లవే.

ఇల్లు అడిగినావు. ఏం చెప్పేది! కాలు చాపితే బీరువా, చెయ్యి చాపితే ఫ్రిజ్జి. కోడలు షాలిని ఫోన్లో చీరలు అమ్ముతావుంది, మంచి గిరాకీ. మేడ గదిలో నేల కనపడకుండా చీరల మూటలే. హాల్లో నా మంచం కింద కూడా మూటలే. మనిషి తిరగడానికి చోటు లేదు. ఇంత ఇరుకులోనూ ఒక మాట మాట్లాడేవాళ్లు లేరు. వాళ్ల తప్పు కాదులే, నాతో అరిచి అరిచి అలిసిపోయినారు. మనవరాలు శ్రీప్రియ ఫోన్లో తమిళంలో టైపు చేసి మూతి ముందు పెడుతుంది, "తాతా, సాప్పాడు" అని, అన్నానికి రమ్మని. దినానికి అదే నాకు వచ్చే వార్త. మీ వదిన చెంగమ్మ ఉన్నప్పుడు కోపమొస్తే గిన్నె ఎత్తేసేది, అది అయినా నాకు అర్థమయ్యేది.

అంబత్తూరు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు రేకులు కొట్టే ప్రెస్సు ముందు నిలబడినాను. ఆ మిషన్లు నా చెవులు తినేసినాయి గాని, కాళ్లు ఇంకా వాటినే వెతుకుతాయి. పొద్దున లేస్తే నేల అదరదు. నేల సద్దు లేకుండా ఉంటే నాకు ఊరే లేనట్టుంది.

మన వీధిలోకి ఏనుగొచ్చిన దినం జ్ఞాపకముందా? నాకు పదేళ్లు, నీకు నాలుగు. నీ చెయ్యి విడిచిపెట్టేసి నాగప్పన్ అంగట్లో బియ్యం మూటల వెనక దూరినాను. నువ్వొక్కదానివే వీధిలో నిలబడితే అది నీ తల మీద తొండం పెట్టింది. నాయన నన్ను ఉతికి ఆరేసినాడు. ఆ సిగ్గు ఇంకా పోలే.

ఏనుగుల సంగతి రాసేటప్పుడు నీ చేతిరాతే మారిపోతుంది. ఆడ అంత సంతోషంగా ఉండేదాన్ని ఈ సందులోకి రమ్మని ఏ నోటితో అనేది? నీ ఇష్టం ఎట్లుంటే అట్లా చెయ్యి.

వెంకటపతి


వాల్పారై
2 అక్టోబర్ 2024

అన్నా,

ఇవాళ సెలవు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇరుకు సంగతి అర్థమైంది. మేడ గది ఊరికే అడిగాను, వేరే ఉద్దేశంతో కాదు. కాబట్టి రెండేళ్లు ఇక్కడే ఉంటానని మేనేజరుకి చెప్పేశాను. షాలిని వ్యాపారం బాగుందంటే సంతోషం.

మొన్న ఆసుపత్రి జీపులో ఒక పురుటి కేసు చూసి వస్తుంటే మళ్లీ ఎదురయ్యాయి. మూడు ఆడవి. రెండు గట్టెక్కేశాయి. మూడోది ముసలిది, ముందుకాలు ఎత్తుతుంది, జారుతుంది, మళ్లీ ఎత్తుతుంది. పైకి పోయిన వాటిలో ఒకటి వెనక్కి దిగివచ్చి దాని పక్కన నిలబడింది. తొయ్యలేదు, లాగలేదు. ఊరికే పక్కన ఆకులు తింటూ నిలబడింది. ముసలిది ఊపిరి తీసుకుని, ఇంకో దారి చూసుకుని ఎక్కింది. నాతో ఉన్న ఆయా లూర్దుమేరి కళ్లు తుడుచుకుంటూ "అక్కా చెల్లెళ్లేమో సిస్టర్" అంది. పిచ్చిది, ఏనుగుల చుట్టరికాలు కూడా దానికి కావాలి.

రిటైరయ్యాక ఇప్పుడున్న ఇల్లు ఉండదట, వేరే ఇంటి కోసం ఒక ఫారం ఇచ్చారు. పాత కంపౌండరు ఉండిన ఇల్లు ఖాళీ అయింది. రెండు గదులు, ముందు వరండా. ఒంటరి మనిషికి ఇవ్వరట, తోడు బంధువెవరైనా ఉండాలట. "కూడా నివసించు బంధువు" అని ఫారంలో ఒక గీత ఉంది. నవంబర్ పదకొండులోగా ఇవ్వాలి. ఆ గీత మీద ఇంకా ఏమీ రాయలేదు. ఆ వరండాలో కూర్చుంటే సాయంత్రం పూట లోయలో ఏనుగులు నీళ్లకు దిగడం కనపడుతుంది. ఊరికే చెబుతున్నాను.

ఒకసారి చూడ్డానికైనా రారాదా? అయినా నువ్వొస్తే ఏ మూటల వెనక దూరతావు? ఇక్కడ తేయాకు మూటలున్నాయిలే, కావలసినన్ని.

చూడామణి


వాషర్‌మెన్‌పేట్
16 అక్టోబర్ 2024

పాపా,

ఫారం గురించి దిగులెందుకు? లూర్దుమేరి పేరు రాసెయ్. చాన్నాళ్లుగా నీతోనే తిరుగుతుంది, బంధువు కాకపోతే ఏమి, ఎవురు అడుగుతారు? మంచి మనిషి. నీకు తోడుంటే నాకూ నిశ్చింత.

ఈడ రెండు దినాలుగా కుండపోత. వీధిలో మోకాటి లోతు నీళ్లు. షాలిని చీరలు తడవకుండా అన్నీ నా మంచమెక్కించింది, నేను కుర్చీలో కునుకు తీసినాను. వానలో వీధంతా అరుపులు, పరుగులు. కిటికీ దగ్గర కూర్చుని చూస్తావుంటే సద్దు లేని టీవీ మాదిరి ఉంటుంది నాకు.

నువ్వు రమ్మంటివి గదా, దీపావళి అయినాక వస్తాను. నవంబర్ ఏడు పాలక్కాడు బండికి సతీష్ టికెట్టు తీసినాడు. ఎనిమిది, శుక్రవారం పొద్దున పొల్లాచ్చిలో దిగి బస్సెక్కుతాను. సోమవారం తిరిగి రావడానికి కూడా తీసినాడు, అది కావాలంటే మార్చుకోవచ్చంట. పెట్టె కొంచెం పెద్దదే తెస్తాను. కొండ మీద చలి గదా.

నిన్ను చూసి మూడేళ్లయింది. చెంగమ్మ కర్మకి వచ్చినప్పుడు చూసిందే.

వెంకటపతి


వాషర్‌మెన్‌పేట్
18 నవంబర్ 2024

చూడామణికి,

క్షేమంగా చేరినాను. నువ్వు కట్టిచ్చిన పులిహోర పొల్లాచ్చి దాటినాక తిన్నాను, బాగుండె.

నీ ఊరు బాగుంది. ఏనుగులు కూడా కనపడినాయి గదా, నా అదృష్టం. బస్సు దిగంగానే బస్టాండులో నిలబడి ఉంటివి. దిగినవాణ్ణి దిగినట్టే నాడి పట్టుకుంటివి. అప్పటినుంచీ బీపీ చూసేదే పని. నోటుబుక్కులో రాసి మాట్లాడుకుందామంటివి, మూడు దినాలూ రాసిందేమి? "మాత్ర వేసుకున్నావా", "చలి వేస్తుందా", "బస్సుకి టైమైంది". ఆ పుస్తకం నాతోనే తెచ్చుకున్నాను, తిప్పి తిప్పి చూస్తే ఆస్పత్రి చీటీ మాదిరి ఉంది. సోమవారం తెల్లారకముందే లేపి, పెట్టె నువ్వే మూసి, ముందు సీట్లో కూర్చోబెట్టి పంపేస్తివి.

ఇంకో రెండు దినాలు ఉండమంటావేమో అనుకున్నాను. సరి, నీ డ్యూటీ నీది. పెట్టెలో సగం బట్టలు మడత విప్పనే లేదు.

ఆ వరండా ఇల్లు నడిచిపోతా చూసినాను. లూర్దుమేరికి బాగుంటుంది.

వెంకటపతి


వాల్పారై
28 నవంబర్ 2024

అన్నా,

"చూడామణికి" అని రాశావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను అట్లా పిలిచింది లేదు. కోపమొచ్చిందని తెలిసింది. ఇంక దాచను.

ఆ శుక్రవారం నేను బస్టాండులో ఎదురు చూడలేదు. జీపు తీసుకుని నీకు ఎదురొచ్చాను. మొదటి మలుపులోనే నిన్ను బస్సులోంచి దింపి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఊరంతా చూపిస్తూ తీసుకురావాలని. తేయాకు మొదలయ్యే చోటికి వచ్చేసరికి రోడ్డు నిండా ఏనుగులు. లెక్కపెట్టాను, తొమ్మిది. వాటికి అటుపక్క నీ బస్సు, ఇటుపక్క నా జీపు. నువ్వు డ్రైవరు వెనక సీట్లో ఉన్నావు. అద్దంలోంచి నీ ముఖం బాగా కనపడుతోంది. నువ్వు నన్ను చూడలేదు.

నువ్వు ఏడుస్తున్నావన్నా. చెయ్యి గుండెల మీద పెట్టుకుని, చిన్నపిల్లాడి మాదిరి, భుజాలు ఎగిరెగిరిపడేట్టు ఏడ్చావు. నాయన పోయినప్పుడు కూడా నువ్వట్లా ఏడ్వలేదు. నలభై నిమిషాలు చూస్తూ నిలబడ్డాను. ఏనుగుల్ని దాటి రాలేను, కేకేస్తే నీకు వినపడదు.

బియ్యం మూటలు గుర్తొచ్చాయి. ఆ భయం నీకు పోలేదని, అరవై ఆరేళ్ల మనిషిని వేళాకోళం చేసి రప్పించి ప్రాణం మీదికి తెచ్చానే అని నన్ను నేను తిట్టుకున్నాను. గుండె నొప్పేమో అని కూడా అనుకున్నాను. చివరి ఏనుగు పక్కకి తప్పుకోగానే జీపు తిప్పేసి నీకంటే ముందు బస్టాండు చేరాను. చెల్లెలు చూసిందంటే సిగ్గుపడతావని చెప్పలేదు. బీపీ అందుకే చూశాను.

ఇంకో సంగతి. ఆ గీత మీద రాయాలనుకున్న పేరు లూర్దుమేరిది కాదు, నీది. ముందే రాసుంచాను, పెన్సిలుతో. "ఇక్కడే ఉండిపో" అని శుక్రవారం రాత్రి అన్నం పెడుతూ అడగాలని. కానీ భయంతో ఏడ్చిన మనిషిని ఏనుగులు తిరిగే చోట ఉండమని ఎట్లా అడిగేది? నువ్వు బస్సెక్కిన సోమవారమే రబ్బరుతో చెరిపి, "ఎవరూ లేరు" అని సిరాతో రాసి ఇచ్చేశాను. ఆ రెండు మాటలు రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకేం తెలుసు.

నిన్ను పంపించేశాననుకుంటున్నావు. నీ బస్సు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడి ఉన్నాను.

చూడామణి


వాషర్‌మెన్‌పేట్
9 డిసెంబర్ 2024

ఓసి పిచ్చి పాపా,

భయమా? నాకా? అయ్యో రామా, ఎంత పని చేస్తివే!

చెబుతాను విను. బస్సాగింది. అందరూ ఒక పక్కకే చూస్తావుంటే నేనూ చూసినాను. పెద్ద ఆడ ఏనుగు ఒకటి నా కిటికీకి ఇంత దూరంలో, చెవి చిరిగి ఉంది, నుదుటి మీద ఎర్రమన్ను. మొదట ఒళ్లు జల్లుమనింది, నిజమే. అది నా వంక ఒకసారి చూసి మళ్లీ గడ్డి పీక్కుంది. నన్ను పట్టించుకోలే. అప్పుడు కిటికీ కడ్డీ పట్టుకున్న నా చేతిలో గుర్రుమని మొదలైంది. డ్రైవరు ఇంజను వేసినాడేమో అనుకున్నాను. చూస్తే తాళంచెవి ఆయన చేతిలో ఉంది, వేలికి తగిలించుకుని కూర్చుని ఉండాడు. కడ్డీ విడిచిపెట్టినాను. అయినా ఉంది. అరికాళ్లలో ఉంది. రొమ్ములో ఉంది. ఆగింది. దూరంగా గట్టు మీద ఇంకో ఏనుగు చెవులు విప్పింది, మళ్లీ మొదలైంది, ఈసారి కొంచెం సన్నగా. ఒకటి అడగతావుంది, ఒకటి బదులు చెబుతావుంది!

ప్రెస్సు షాపులో చెవులు పోయినాక కూడా రెండేళ్లు నేను పని చేసినాను, తెలుసు గదా. ఏ మిషను సరిగ్గా కొడుతుంది, ఏది నలిగి ఉంది, అరికాలితో చెప్పేవాణ్ణి. నా కాలు అబద్ధం చెప్పదు. అది మాటే పాపా. బస్సులో ఎవురూ తల తిప్పలే. వాళ్లకి వినపడలే. అంతమందిలో నాకొక్కడికే వినపడింది.

ఏడేళ్లు. చెంగమ్మ పోయేటప్పుడు నా వంక చూసి ఏదో అనింది. పెదాలు కదిలినాయి. ఏమనిందిరా అని సతీష్‌ని అడిగితే "నీళ్లడిగింది" అని రాసి చూపించినాడు. నీళ్లు అడిగే ముఖం కాదది. ఏమనిందో నాకు ఇంక తెలవదు. ఆ దినం నుంచి నా లోపల ఎవురి గొంతూ లేదు. ఆ కొండ మీద, ఒక ఏనుగు ఇంకో ఏనుగుతో అనుకున్న మాట నా రొమ్ములోంచి పోయింది. అది జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఏడవకుండా ఎట్లా ఉంటాను?

నీకు చెబుదామనే దిగినాను. మాట నోటిదాకా వచ్చింది. నువ్వు నాడి పట్టుకుని వాచీ చూస్తివి. నీ ముఖం చూస్తే, ఈ ముసలోడు ఎందుకొచ్చినాడా అన్నట్టు ఉంది. నోరు మూసుకున్నాను.

ఇంట్లో చెబితే సతీష్ "బస్సు అదిరి ఉంటుంది నాన్నా" అని టైపు చేసినాడు. ఇంక ఎవురికీ చెప్పలే.

నేను పెద్ద పెట్టె తెచ్చింది చలికి కాదే. నువ్వు ఉండమంటావని. నువ్వేమో గీత మీద పేరు చెరిపేస్తివి. ఇరుకని రాసింది నిన్ను రావద్దని కాదు, నేను ఈడ ఉండలేకుండా ఉండానని. ఇద్దరం ఒకే కడుపున పుట్టినాం, ఒక ముక్క తిన్నగా రాసుకోలేకపోతిమి.

వెంకటపతి


వాల్పారై
22 డిసెంబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం ఆసుపత్రిలోనే విప్పాను. లూర్దుమేరి పరుగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, మా అన్నకు ఏనుగు మాట వినపడిందని చెప్పాను. అది సిలువ వేసుకుంది.

నేనూ అక్కడే ఉన్నాను గదా, నలభై నిమిషాలు, అవే తొమ్మిది ఏనుగుల ముందు. నాకు రెండు చెవులూ బాగున్నాయి. ఏమీ వినపడలేదు. ఇరవై ఆరేళ్లలో ఒక్కనాడూ వినపడలేదు. నీ ఉత్తరం చదివాక సాయంత్రం చెప్పులు విప్పి గట్టు మీద నిలబడ్డాను. లోయలో రెండు తిరుగుతున్నాయి. కాళ్లకు చలి తప్ప ఏమీ తెలియలేదు. నువ్వు పక్కన ఉండి, ఇదిగో ఇప్పుడు, అని చెబితే తెలుస్తుందేమో.

మేనేజరు దగ్గరికి వెళ్లాను. వరండా ఇల్లు బడి పంతులుగారి కుటుంబానికి ఇచ్చేశారు. సామాను కూడా దిగింది. ఆయన మంచివాడే, పాపం, ముందు చెప్పి ఉండాల్సింది సిస్టర్ అన్నాడు. ఫిబ్రవరి నుంచి నాకు కూలీల లైను ఇళ్లలో ఒక గది, వెనక చిన్న వంటిల్లు. వరండా లేదు. లోయ కనపడదు. రోడ్డు కనపడుతుంది, అప్పుడప్పుడూ ఆ రోడ్డునే ఏనుగులు దాటుతాయి.

ఒకటే గది అన్నా. వచ్చి నాతో ఉండు. ఊరికే చెప్పడం లేదు, రమ్మంటున్నాను.

పాప


వాషర్‌మెన్‌పేట్
29 జనవరి 2025

పాపా,

ఆరుగురం ఒక గదిలో పెరిగినాం. ఇద్దరికి ఒక గది ఎక్కువే.

సతీష్ రెండు దినాలు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత వాడే బండికి టికెట్టు తీసినాడు, తిరుగు టికెట్టు తియ్యలే. షాలిని నా మంచం మీద చీరల మూటలు పెట్టకుండా అట్లే ఖాళీగా ఉంచుతుందంట, ఎప్పుడొచ్చినా ఉండేట్టు. శ్రీప్రియ తన స్వెట్టరు నా పెట్టెలో పెట్టింది, నా చేతికి కూడా పట్టదు అది. తీసి బయట పెట్టలే.

ఫిబ్రవరి ఏడు, శుక్రవారం. పొద్దున పొల్లాచ్చి బస్సు. కన్నియప్పన్ కండక్టరుగా ఉంటే ముందు సీటు అడుగుతాను.

ఏనుగులు అడ్డం వస్తే రానీ. తొందరేమీ లేదు. నువ్వు ఎదురొస్తే జీపు తిప్పేసి పారిపోవద్దు. వాటికి అటుపక్కనే నిలబడు. నేను ఏడుస్తావున్నా సరే, చెయ్యి పైకెత్తి ఊపు. నీ గొంతు నాకు రాదు పాపా, చెయ్యి కనపడుతుంది. ఈసారి నేను మూటల వెనక దూరను.

అన్న